లీలండ్ స్టాన్‌ఫర్డు: వర్తకుడు, గవర్నరు, విద్యాదాత

గ్రంథాలయ సంచికలో వర్తకుని చరిత్ర యేలయని పాఠక మహాశయులు కొందరు తలంపవచ్చును. కాని యీ వర్తకుని జీవితమున మొదటను తుదను గ్రంథములే కానవచ్చును.

లీలండ్ స్టాన్‌ఫర్డు 1824వ సంవత్సరము మార్చి 9వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రమున జన్మించెను. తండ్రి సేద్యము చేయుచు పూటకూళ్ళ యిల్లు నడపెను. కుమారుడు న్యాయశాస్త్రము చదివి, విస్కాన్సిన్ రాష్ట్రమున ప్లీడరై, 1850లో జేన్ లాత్రప్ అను నామెను వివాహమాడెను. 1852లో సంభవించిన అగ్నిప్రమాదమున ఆయన న్యాయశాస్త్ర గ్రంథములన్నియు బూడిదపాలయ్యెను. వృత్తికి ఆధారము పోయినది. అంతట ఆయన, సోదరులు అదివరకే వర్తకము చేయుచున్న కాలిఫోర్నియాకు తరలిపోయెను.

అవి ఆ దేశమున బంగారము కొరకు జనులు ఎగబడుచున్న దినములు. స్టాన్‌ఫర్డు బంగారము త్రవ్వలేదు. త్రవ్వువారికి పనిముట్లును, వెచ్చములును అమ్మెను. త్రవ్వినవారిలో పెక్కురు బికారులైరి, అమ్మినవాడు ధనికుడయ్యెను. పిదప శాక్రమెంటో నగరమున స్థిరపడి, 1857లో అచ్చట గ్రంథాలయ సంఘమును స్థాపించుటకు తోడ్పడెను. ఆ సంఘమే తరువాత నగర పౌర గ్రంథాలయమైనది.

మన దేశమున గవర్నరును రాష్ట్రపతి నియమించును. అమెరికాలో ప్రజలే యెన్నుకొందురు. 1859లో ఓడిపోయిన స్టాన్‌ఫర్డు 1861లో గెలుపొందెను. 1862 జనవరిలో పదవీ స్వీకారమునాటికి నగరము వరదలో మునిగియుండగా, ఆయన పడవపై సభకు వెళ్ళెను. అంతర్యుద్ధ కాలమున రాష్ట్రమును సమాఖ్య పక్షమున నిలిపెను. ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల ఆయన కాలముననే యేర్పడెను.

అయితే ఆయన అదే సమయమున సెంట్రల్ పసిఫిక్ రైలు కంపెనీకి అధ్యక్షుడు. కంపెనీకి రాష్ట్రధనము సహాయముగా నిచ్చు శాసనములపై గవర్నరుగా సంతకము చేసినది ఆయనయే. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒక్కడే యగుట ధర్మమా యని నాడే ప్రశ్న పుట్టెను; నేటికిని అది సమసిపోలేదు. చైనావారి రాకను గర్హించుచు పదవీ స్వీకారమున ప్రసంగించినవాడే, ఆ పిమ్మట వేలకొలది చైనా కూలీలచే సియర్రా నెవాడా కొండలను తొలిపించెను. మంచుచరియల క్రిందను, మందుగుండు ప్రేలుళ్ళలోను ఎందరో ప్రాణములు గోల్పోయిరి. వారి కష్టఫలితముగా 1869 మే 10వ తేదీన యూటాలోని ప్రామంటరీ యొద్ద తూర్పు పడమర మార్గములు కలిసెను. స్టాన్‌ఫర్డు అచ్చట బంగారు మేకుతో ఉత్సవము నెరపెను. నెలల ప్రయాణము వారము దినములకు తగ్గెను.

ఐశ్వర్యము పెరిగినది, కాని 1884లో విధి వక్రించెను. ఏకైక పుత్రుడు పదునారేండ్లు నిండకమునుపే ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమందు సన్నిపాత జ్వరముచే మరణించెను. ఆ దంపతులు కుమారుని పేర విశ్వవిద్యాలయమును స్థాపింప నిశ్చయించి, 8,000 ఎకరములకు పైబడిన భూమిని దానమిచ్చిరి. 1891 అక్టోబరు 1వ తేదీన అది తెరువబడెను. బాలురకును బాలికలకును ప్రవేశము కలిగెను. తొలినాళ్ళలో జీతము లేదు. తరువాతి కాలమున అమెరికా అధ్యక్షుడైన హెర్బర్టు హూవరు అచ్చటి తొలి విద్యార్థులలో నొకడు.

సెనేటు సభ్యుడుగా నుండగనే 1893 జూన్ 21వ తేదీన స్టాన్‌ఫర్డు కన్నుమూసెను. రైలు ఋణముల నిమిత్తము ప్రభుత్వము ఆయన ఆస్తిపై కోటిన్నర డాలర్లకు దావా వేసెను. ఆస్తి స్తంభించెను. విద్యాలయమును మూయుమని పలువురు సలహా యిచ్చిరి. జేనమ్మ వినలేదు, తన గృహవ్యయమునకై న్యాయస్థానము మంజూరు చేసిన సొమ్ముతో ఆచార్యులకు జీతములిచ్చి సంస్థను నిలిపెను. 1896లో సుప్రీం కోర్టు తీర్పు ఆమె పక్షమున వచ్చినది.

స్టాన్‌ఫర్డు ధనార్జనమున దోషమున్నది, దానమున గుణమున్నది. ఒకటి చెప్పి రెండవది దాచుట చరిత్ర కాదు. ఆయన అంగడులు నేడు లేవు. రైలు కంపెనీ ఇతర కంపెనీలలో కలిసిపోయినది. నిలిచినవి పాఠశాలయు, గ్రంథాలయమునే. ఇరువదియైదేండ్లు చందాలు కూర్చి మన గ్రంథాలయమును నిలిపిన గ్రామస్థులకు ఇందలి యర్థము వేరుగ విప్పి చెప్పనక్కరలేదు.