టూలూజ్ వీడని శాస్త్రజ్ఞుడు – పాల్ సబాతియే

పెద్ద నగరానికి పోతేగాని పెద్ద పని సాధ్యపడదని లోకంలో ఒక నమ్మకమున్నది. పొట్ట చేతబట్టుకొని పరాయి ప్రాంతాలకు వచ్చిన మన కుటుంబాలకు ఈ మాట కొత్త కాదు. అయితే రాజధాని రమ్మని పిలిచినా పోకుండా, చిన్న నగరంలోనే నిలిచి నోబెల్ బహుమానం పొందిన శాస్త్రజ్ఞుడొకడున్నాడు. ఆయనే ఫ్రెంచి రసాయనవేత్త పాల్ సబాతియే.

సబాతియే 1854 నవంబరు 5వ తేదీన దక్షిణ ఫ్రాన్సులోని కార్కసోన్ పట్టణంలో జన్మించారు. పారిస్‌లో ఉన్నతవిద్య ముగించి, నీమ్ పట్టణంలో ఒక యేడు బడిపంతులుగా పనిచేశారు. పిదప సుప్రసిద్ధ రసాయనవేత్త బెర్తెలో వద్ద సహాయకులై 1880లో డాక్టరేటు పట్టం పొందారు. 1882లో టూలూజ్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. రెండేళ్ళకే, ముప్పదవ యేట, ఆచార్య పదవి లభించింది. ఇక ఆ ఊరు విడువలేదు.

1896లో మొయిసాన్, మూరే అను పారిస్ శాస్త్రజ్ఞులు ఎసిటిలీన్ వాయువును నికెల్ పొడిమీద పంపి ఒక విచిత్రమైన మార్పును గమనించారు. అందులో పైకి కనిపించని సంగతి ఏదో ఉన్నదని సబాతియేకు తోచింది. అయినా పరుల పొలంలో నాగలి పెట్టడం ఆయనకు ఇష్టంలేదు. ఆ పని కొనసాగించే ఉద్దేశం మీకున్నదా అని ముందుగా వారిని అడిగి, లేదని తెలిసిన తరువాతనే తాము పూనుకొన్నారు. 1897లో సెందెరెన్స్ అనే క్రైస్తవ మతగురువుతో కలిసి ఇథిలీన్ వాయువుతో పరీక్షలు ఆరంభించారు. నికెల్ పొడి సమక్షంలో ఇథిలీన్‌తో ఉదజని, అనగా హైడ్రోజన్, సులువుగా కలిసిపోవునని తేలింది.

ఇందులో నికెల్ చేసే పని మన పెళ్ళిళ్ళ పేరయ్య పనివంటిది. ఇరుపక్షాలను కలుపుతుంది గాని, కడకు తాను వేరుగానే మిగులుతుంది. ఇట్టి పదార్థాన్నే ఉత్ప్రేరకమంటారు. నికెల్ ఊరక సాక్షిగా నిలవదనీ, క్షణకాలం తానూ ఆ పదార్థాలతో బంధం కలుపుకొని మరల విడిపోవుననీ సబాతియే వివరించారు. ఆ బంధం మరీ బలహీనమైతే పని జరుగదు. మరీ గట్టిదైతే విడుపు ఉండదు. ఈ సూత్రం నేటికీ ఆయన పేరనే ప్రసిద్ధం. నికెల్‌కు చాపల్యమూ ఎక్కువే. గంధకపు అంశ రవ్వంత తగిలినా అది పనికిరాకుండా పోతుంది. అందుచేత శుద్ధి విషయంలో మిక్కిలి ఓర్పు కావలసివచ్చింది.

1901లో ఆయన బెంజీన్‌ను సైక్లోహెక్సేన్‌గా మార్చారు. 1902లో బొగ్గుపులుసు వాయువుతో ఉదజనిని కలిపి మీథేన్‌ను, నీటిని సాధించారు. వ్యోమగాముల ఊపిరినుండి వచ్చే బొగ్గుపులుసు వాయువుతో నీటిని తయారుచేయడానికి ఇదే పద్ధతిగల యంత్రాన్ని 2010లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో అమర్చారు. సబాతియే చూపిన దారినే నూనెలకు వర్తింపజేసి, 1902లో జర్మనీకి చెందిన నార్మన్ పేటెంటు కోరారు. మన వంటిళ్ళలోకి 1937నుండి వచ్చిన డాల్డా ఆ విద్య ఫలమే. అట్టి వనస్పతిలోని ట్రాన్స్ కొవ్వులు గుండెకు చేటని తరువాత తేలగా, 2022నుండి మన దేశంలో వాటిని నూటికి రెండు పాళ్ళకు పరిమితం చేశారు. ఎంత గొప్ప విద్యయైనా వాడుకలో వివేకం వేరే కావలసియుంటుంది.

1907లో మొయిసాన్, బెర్తెలో ఇరువురూ గతించగా, వారి స్థానాలకు రమ్మని పారిస్‌నుండి సబాతియేకు పిలుపు వచ్చింది. ఆయన పోలేదు. భార్య 1898లోనే మరణించింది; నలుగురు ఆడపిల్లలు ఉన్నారు. ప్రయోగశాల, శిష్యులు, ఊరు అన్నీ టూలూజ్‌లోనే ఉన్నవి. అక్కడ రసాయన, విద్యుత్, వ్యవసాయ విద్యాశాఖలు నెలకొనుటకు తోడ్పడ్డారు.

1912లో నోబెల్ బహుమానాన్ని ఆయనకు, నాన్సీ నగరపు గ్రిన్యార్‌కు కలిపి ఇచ్చారు. ఇద్దరూ రాజధాని వెలుపలివారే. పారిస్‌లో కాపురమున్నవారికే దక్కే విజ్ఞాన పరిషత్తు పూర్తి సభ్యత్వాన్ని 1913లో బయటివారికీ తెరిచి, మొదట సబాతియేనే ఎన్నుకొన్నారు. అయితే ఏళ్ళతరబడి చెంతనుండి శ్రమించిన సెందెరెన్స్‌కు ఆ బహుమానంలో పాలు దక్కలేదు. ఈ సంగతి మరచి సబాతియే కీర్తిని మాత్రమే చెప్పుకొనుట న్యాయం కాదు.

1941 ఆగస్టు 14వ తేదీన టూలూజ్‌లోనే ఆయన కన్నుమూశారు. 1969లో ఏర్పడిన అక్కడి విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు.

సబాతియే పుట్టిన సీమను వదలలేదు. మనమో వదలి వచ్చినవారము. ఆయన త్రోవ మనది కాదనిపించవచ్చు. కాని కాలూనిన చోటును తక్కువచేసి చూడక, అక్కడనే బడిని, పనిని, మనుషులను పెంచుకొనుట ఆయన చేసిన పని. అది మనకూ చేతనయినదే. మన పిల్లలు ఏ ఊరి బడిలో చదివినా చిన్నబుచ్చుకోకుండా చదువుదురు గాక.