బిహార్‌లో ఖర్చు చేసి, మద్రాసులో కూలి కోసి

కరువు సాయానికి ఎక్కువ ఖర్చు పెట్టారని తిట్లు తిన్న అధికారే మూడేళ్లు తిరక్కుండా కరువు కూలి కోసిన వ్యక్తిగా చరిత్రకెక్కారు. ఆయన సర్ రిచర్డ్ టెంపుల్.

1826లో ఇంగ్లండ్‌లో పుట్టి, సివిల్ సర్వీసులో చేరి, హైదరాబాద్ రెసిడెంట్‌గా, ఆపై వైస్రాయ్ కౌన్సిల్‌లో ఆర్థిక సభ్యుడిగా పనిచేశారు. 1873లో బిహార్‌లో వానలు ముఖం చాటేశాయి. అంతకు ఏడేళ్ల ముందు ఒడిశాలో ప్రభుత్వం చేతులు ముడుచుకు కూర్చోవడంతో సుమారు పది లక్షల మంది చనిపోయారు. ఆ అపకీర్తి మళ్లీ రాకూడదనుకున్న వైస్రాయ్ నార్త్‌బ్రూక్ సహాయ బాధ్యతను టెంపుల్‌కు అప్పగించారు. బర్మా నుంచి దాదాపు నాలుగున్నర లక్షల టన్నుల బియ్యం వచ్చింది. ఖర్చు 6.5 కోట్ల రూపాయల దాకా అయింది. ఆకలి చావులు లేవనే చెప్పాలి.

మెచ్చుకోవాల్సిన పనే. కానీ అధికార వర్గాల కళ్లన్నీ బిల్లు మీదే పడ్డాయి. మిగిలిపోయిన బియ్యం చూపించి దుబారా అన్నారు. జనం చావలేదు కాబట్టి అసలు కరువే అంత తీవ్రంగా లేదని వాదించినవాళ్లూ ఉన్నారు. తప్పిపోయిన చావులకు ఖర్చుల పద్దులో గడి ఉండదు కదా.

1877 జనవరిలో దక్షిణాది కరువు ఖర్చును అదుపు చేయమని కొత్త వైస్రాయ్ లిట్టన్ పంపింది ఈ టెంపుల్‌నే. మనవాళ్లు ధాత కరువుగా చెప్పుకునేది దీన్నే. బళ్లారి, కర్నూలు, కడప అల్లాడుతున్నాయి. సహాయ పనుల్లో మట్టి మోసే మగ కూలీకి రోజుకు పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానిపైన ఒక అణా చాలన్నారు టెంపుల్. ఆడవాళ్లకు, పిల్లలకు ఇంకా తక్కువ. పాత మచ్చ చెరుపుకోవాలనే ఆత్రం ఇందులో కనిపిస్తుంది. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ ఎదురు తిరిగారు. కనీసం పౌనున్నర ధాన్యం, పప్పు, కూరగాయలు లేకుండా కష్టం చేసే ఒళ్లు నిలవదన్నది ఆయన వాదన. మార్చిలో మద్రాసు ప్రభుత్వం సగం దిగొచ్చి, కూలిని 570 గ్రాముల ధాన్యానికి, కాస్త పప్పుకు పెంచింది.

ఆ కరువులో, తక్కువ అంచనాల ప్రకారమే, 50 లక్షల మందికి పైగా చనిపోయారు. టెంపుల్ 1877లోనే బొంబాయి గవర్నర్ అయ్యారు. తర్వాత బ్రిటన్ పార్లమెంటులో సభ్యుడిగా కూర్చుని, 1902లో కన్నుమూశారు. ఆ కూలికి మాత్రం ‘టెంపుల్ వేజ్’ అనే పేరు నిలిచిపోయింది.