లవణములో దొరికిన ఔషధము: డాక్టర్ జాన్ కేడ్

ఉన్మాదము, విషాదము ఒకదాని వెంట ఒకటి వచ్చి మనిషిని కుదిపివేయు వ్యాధిని నేడు బైపోలార్ వ్యాధి అంటున్నాము. లిథియము అను సామాన్య లవణము దీనికి ఔషధమని లోకమునకు తెలియజేసిన వారు ఆస్ట్రేలియా వైద్యులు జాన్ కేడ్. అది ఎవరికి పనిచేయును, ఎవరికి పనిచేయదు అను ప్రశ్న కూడ ఆయనతోనే ఆరంభమైనదని మేము తలచుచున్నాము.

కేడ్ 1912 జనవరి 18న విక్టోరియా రాష్ట్రములోని మర్టోవాలో జన్మించారు. తండ్రి మానసిక చికిత్సాలయములలో వైద్యాధికారి అగుటచే ఆ ఆవరణలలోనే బాల్యము గడిచినది. మనోరోగులు ఆయనకు ఇరుగుపొరుగువారు. 1934లో మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందారు. రెండవ ప్రపంచ యుద్ధములో సింగపూరు పతనమైన 1942 నుండి 1945 వరకు చాంగీలో జపాను వారికి ఖైదీగా ఉన్నారు.

తిరిగి వచ్చిన పిదప బుండూరా ఆసుపత్రిలో, వాడుకలో లేని ఒక వంటసామాను గదియే ఆయన ప్రయోగశాల. ఉన్మాదమునకు దేహములోనే కారణము ఉండునని నమ్మి, రోగుల మూత్రమును గినీపిగ్‌లకు ఎక్కించి చూచారు. యూరిక్ ఆమ్లము నీట సరిగా కరగదు. అందుకై లిథియము లవణమును ఎన్నుకొన్నారు. ఆ జంతువులు మందకొడిగా పడియుండుట గమనించారు. (అది మందు గుణము కాదు, విషప్రభావమే అన్నవారును కలరు.) ముందుగా తామే సేవించి, హాని లేదని తెలిసిన మీదట 1948 మార్చిలో తొలి రోగికి ఇచ్చారు. ఏండ్ల తరబడి వార్డులో ఉన్న ఆ యాభైయొక్క ఏండ్ల మనిషి కొలది మాసములలో ఇంటికి వెళ్లెను.

1949 సెప్టెంబరులో ప్రకటించిన వ్యాసమున కేడ్ విజయమును మాత్రమే చెప్పలేదు. ఉన్మాదరోగులు పదిమందికి మేలు కలిగినది. స్కిజోఫ్రీనియా గల ఆరుగురిలో కొందరికి ఆవేశము తగ్గినదే గాని రోగము తగ్గలేదు. విషాదరోగులు ముగ్గురికి ప్రయోజనమే లేదు. ఈ నిజాయితీయే మాకు ఆయన కనుగొన్న మందుకంటె గొప్పగా తోచును.

1950లో ఆ తొలి రోగియే లిథియము విషమై మరణించారు. కేడ్ మందు వాడుట మానివేశారు. రక్తములో దాని మోతాదును కొలుచు పద్ధతి ఏర్పడిన తరువాతనే భయము తగ్గినది. 1954లో డెన్మార్కులో మోగెన్స్ షౌ పరీక్షలు జరిపి దాని గుణమును ధ్రువపరచారు. అమెరికా 1970లో అనుమతించినది. మన కోనసీమ వేసవిలో వలె చెమట పట్టి ఒంటిలోని నీరు, ఉప్పు తగ్గినచో రక్తమున లిథియము పెరుగును. దీనిని వాడువారికి రక్తపరీక్ష తప్పదు.

కేడ్ 1952 నుండి 1977 వరకు రాయల్ పార్క్ ఆసుపత్రికి అధిపతిగా ఉండి, 1980 నవంబరు 16న కన్నుమూశారు.

లిథియముతో పూర్తి గుణము కనబడునది సుమారు మూడవ వంతు మందికే. రోగము వచ్చిపోవు నడుమ పూర్తిగా కోలుకొనువారికి, రక్తసంబంధీకులలో ఈ మందు పనిచేసినవారికి ఆశ ఎక్కువ. 2015లో అమెరికాలోని సాల్క్ సంస్థవారు రోగుల చర్మకణములనుండి నాడీకణములను పెంచి చూడగా, మందుకు లొంగినవారి కణములే లిథియముతో శాంతించినవి. అయినను ఆసుపత్రిలో వాడదగిన నమ్మకమైన పరీక్ష ఇంకను రాలేదు. వైద్యుడు మందు ఇచ్చి, మాసముల తరబడి కనిపెట్టి చూడవలసియే యున్నది.