తొలి అక్షరంతో పద్యాన్ని పట్టిన బ్రౌన్

జపాను దేశంలో కొత్త సంవత్సరం వచ్చిందంటే ఇళ్లలో ఒక ఆట ఆడతారు. నూరుగురు కవుల నూరు పద్యాలు, వాటికి నూరు చీట్లు. ఒకరు పద్యాన్ని మొదటి నుంచి చదువుతూ ఉంటే, ఆ పద్యం చివరి సగం రాసి ఉన్న చీటీని ముందుగా అందుకున్నవాడిదే గెలుపు. ఆ నూరింటిలో ఏడు పద్యాలకు మాత్రం ఒక విశేషం ఉంది. ము, సు, మె, ఫు, స, హొ, సె అనే ఈ ఏడు ధ్వనులలో ఒక్కొక్కదానితో మొదలయ్యే పద్యం ఒక్కటే ఉంటుంది. చదివేవాడి నోట ఆ ఒక్క ధ్వని వెలువడగానే, ఆట తెలిసిన పిల్లవాడి చెయ్యి చీటీ మీద పడుతుంది. పదమూడవ శతాబ్దంలో ఫుజివారా తెయికా అనే కవి కూర్చిన సంకలనం ఇది. దీనిని డికిన్స్ అనే ఆంగ్లేయుడు అనువదించగా 1866లో మన లండన్‌లోనే అచ్చయింది.

సరిగ్గా ఆ కాలంలోనే ఇదే లండన్‌లో ఒక వృద్ధుడు యూనివర్సిటీ కాలేజీలో తెలుగు చెబుతూ ఉండేవాడు. తొలి అక్షరం విలువ ఎరిగి, తెలుగు పద్యాలకూ తెలుగు మాటలకూ జీవితం ధారపోసిన ఆ వ్యక్తి ఛార్లెస్ ఫిలిప్ బ్రౌన్. ఆయన పేరు వినని తెలుగు కుటుంబం ఉండదు. అయితే ఆయన చేసిన పని ఎటువంటిదో, అందుకు ఆయన ఏమి చెల్లించుకున్నాడో, ఈ గడ్డ మీద పుట్టి పెరుగుతున్న మన పిల్లలకు చెప్పవలసిన బాధ్యత మనది.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించాడు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు, అనేక భాషలు నేర్చిన పండితుడు. కుమారుడికి చిన్ననాడే హీబ్రూ, అరబ్బీ, పారసీ, హిందూస్తానీ నేర్పాడు. 1812లో తండ్రి కాలం చేయగా కుటుంబం ఇంగ్లండు చేరింది. కంపెనీ కొలువుకు కావలసిన చదువు హెయిలీబరీ కళాశాలలో ముగించుకొని, 1817లో బ్రౌన్ మద్రాసులో ఓడ దిగాడు. అప్పటికి ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. వెలగపూడి కోదండరామ పంతులుగారి వద్ద ఓనమాలు దిద్దుకొని, 1820లో పరీక్ష నెగ్గి, కడపలో ఉద్యోగంలో చేరాడు.

అక్కడి నుంచి మచిలీపట్నం వెళ్లాడు. 1824లో ఫ్రెంచి మతగురువు దుబ్వా రాసిన గ్రంథంలో వేమన ప్రస్తావన చూసి ఆయనకు కుతూహలం కలిగింది. పండితులను అడిగితే అంతగా ఆదరణ కనబడలేదు. వేమన పద్యాలు పల్లె జనం నోట ఉండేవి. తాటాకుల మీద ఎవరికి తోచినట్టు వారు రాసుకున్నవి ఉండేవి. ఒక ప్రతిలో ఉన్నది మరొక దానిలో లేదు. ఒకే పద్యం నాలుగు తావుల్లో నాలుగు రూపాల్లో కనబడేది.

ఇక్కడ మన పాఠకులు ఒక చిక్కును గమనించాలి. వేమన పద్యాలలో చాలా వాటికి చివరి పాదం ఒక్కటే. దానినే మకుటం అంటాం. అందుచేత చివర చూసి ఇది ఏ పద్యమో చెప్పలేం. పద్యాన్ని పోల్చుకోవాలంటే మొదలు పట్టుకోవలసిందే. పైగా మన పద్యంలో తొలి అక్షరానికి ఛందస్సులోనే పెద్దపీట ఉంది. పాదం మొదటి అక్షరంతో యతిస్థానంలోని అక్షరం మైత్రి పాటించాలి. రాయసగాడు మొదటి అక్షరం తప్పు రాస్తే, యతి దగ్గర తప్పు బయటపడుతుంది. సుమతీ శతకాన్ని అకారాదిగా అచ్చువేసే అలవాటు కూడా అందరికీ తెలిసినదే. మకుటం అన్నింటికీ ఒకటే అయినప్పుడు వెదుక్కోవడానికి మిగిలే దారి తొలి అక్షరమే గదా!

బ్రౌన్ ఈ రహస్యాన్ని గ్రహించాడు. 1827లోనే తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద గ్రంథం వెలువరించాడు. ఊరూరి నుంచి వేమన ప్రతులు తెప్పించి, పద్యానికి పద్యం సరిపోల్చి, 1829లో 693 పద్యాలను ఆంగ్లానువాదంతో మద్రాసులో అచ్చువేయించాడు. 1839 నాటి రెండవ కూర్పులో పద్యాల సంఖ్య 1164కు పెరిగింది.

1826లో తిరిగి కడప వచ్చిన బ్రౌన్ అక్కడ ఒక బంగళా కొని, దానిని పండితుల కార్యశాలగా మార్చాడు. జూలూరి అప్పయ్య, వఠ్యం అద్వైతబ్రహ్మయ్య వంటి విద్వాంసులు ప్రతులు సేకరించి, పాఠాలు పరిష్కరించి, టీకలు రాశారు. వారి జీతాలు కంపెనీవారు ఇచ్చినవి కావు, బ్రౌన్ సొంత జేబులోనివి. జీతం చాలక అప్పులపాలయ్యాడు. బ్రౌన్ పేరు చెప్పుకున్నప్పుడల్లా ఈ పండితుల పేర్లు కూడా చెప్పుకోవడం ధర్మం. వారు లేనిదే ఆయన లేడు.

ఉద్యోగంలో మాత్రం ఆయన దారి పూలబాట కాలేదు. 1832-33లో గుంటూరు సీమను మహా క్షామం కబళించింది. ఊళ్లు ఖాళీ అయ్యాయి, దారుల వెంట శవాలు పడ్డాయి. ఆ రోజుల్లో అక్కడ పనిచేస్తున్న బ్రౌన్ కరువును కరువు అనే రాశాడు. ఆ మాట పై అధికారులకు గిట్టలేదు. 1834లో కొలువు పోయింది. మాటకు సరియైన అర్థం వెదికే మనిషికి, సరియైన మాట రాసినందుకే చిక్కు రావడం విధివిలాసం.

అలా లండన్ చేరిన బ్రౌన్ ఊరకే కూర్చోలేదు. ఇండియా హౌస్ గ్రంథాలయంలో దుమ్ము పట్టి ఉన్న దక్షిణ భారత భాషల గ్రంథాలు 2106 ఆయన కంటబడ్డాయి. వాటిని తిరిగి మద్రాసుకు చేర్చే ఏర్పాటు చేశాడు. ఆ తాళపత్రాలూ, ఆయన సొంతంగా సేకరించినవీ ఇప్పుడు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో ఉన్నాయి. ఇల్లు విడిచి వచ్చిన వస్తువును ఇంటికి పంపిన ఆ పనిని, సముద్రాలు దాటి వచ్చిన మనం ప్రత్యేకంగా తలుచుకోవాలి.

1838లో మళ్లీ మద్రాసు వెళ్లి, అనువాదకుడుగా, ఆపైన పోస్టుమాస్టర్ జనరల్‌గా పనిచేశాడు. 1840లో వ్యాకరణం, 1844లో వసుచరిత్ర, 1851లో మనుచరిత్ర వెలువడ్డాయి. 1852లో ఆయన పేరును శాశ్వతం చేసిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది.

నిఘంటువు అంటే తొలి అక్షరం మీద కట్టిన ఇల్లు. తెలుగులో ఆ ఇల్లు కట్టడం సులభం కాదు. కొట్టు అనే మాట వాక్యంలో మరొక మాట పక్కన చేరి గొట్టు అవుతుంది. కొత్తగా నేర్చుకునేవాడు గకారం కింద వెదికి, దొరకక పుస్తకం మూసేస్తాడు. బ్రౌన్ తన వ్యాకరణంలో ఈ మార్పులను విడమరిచి చెప్పాడు. అలాగే చాపలోని చకారం వేరు, చెట్టులోని చకారం వేరు. మనకు పుట్టుకతో వచ్చే ఈ భేదం పరాయివాడికి కనబడదు. అందుకని అక్షరం మీద ఒక గుర్తు చేర్చి రెండింటినీ వేరుచేశాడు. పుస్తకాలలోని మాటలతో తృప్తిపడక, సంతలో, కచేరీలో, వంటింట్లో వినబడే మాటలకూ చోటిచ్చాడు. ఆ నిఘంటువును తరువాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు మొదలైనవారు పరిష్కరించగా 1903లో మళ్లీ అచ్చయింది.

ఆరోగ్యం చెడి 1855లో ఆయన ఇంగ్లండుకు తిరిగి వచ్చాడు. 1865లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ఆచార్య పదవి స్వీకరించాడు. 1866లో తన సాహిత్య జీవితాన్ని చిన్న పుస్తకంగా రాసుకున్నాడు. 1884 డిసెంబరు 12న లండన్‌లోనే కన్నుమూశాడు. కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉంది. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఆయన పేరనే ఒక గ్రంథాలయం వెలసింది.

ఇక మన మాట. మన ఇళ్లలో అమ్మమ్మలు, నాయనమ్మలు పాడిన లాలిపాటలు, మంగళహారతులు, పెళ్లిపాటలు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్క రాయలేదు. పిల్లలకు రాగం తెలుసు, అక్షరం తెలియదు. మొదటి మాట అందిస్తే పాట మొత్తం పాడే పెద్దవారు ఏటికేడు తగ్గిపోతున్నారు. మొదటి మాట అందించేవాడే లేకపోతే పాట లేనట్టే గదా. వేమన పద్యాలు ఆనాడు ఉన్న స్థితి కూడా ఇంచుమించు ఇదే.

బ్రౌన్‌కు తెలుగు తల్లిభాష కాదు, తాతల ఆస్తీ కాదు. పందొమ్మిదవ ఏట నేర్చుకున్న భాష. అయినా దాని పద్యాలు చెదిరిపోతుంటే చూస్తూ ఊరుకోలేకపోయాడు. మనకు అప్పులు చేయవలసిన పని లేదు, కొలువు పోతుందన్న భయం లేదు. ఇంటికొక నోటుపుస్తకం చాలు. అ మొదలుకొని హ వరకు ఒక్కొక్క అక్షరానికి ఒక్కొక్క పుట కేటాయించి, ఇంట్లో వినబడే ప్రతి పాట మొదటి మాటనూ దాని పుటలో రాసుకుందాం. అమ్మమ్మ పాడుతుంటే మనవరాలు రాయాలి. మనవరాలికి రాకపోతే, రాస్తూ నేర్చుకోవాలి. జపాను పిల్లలు ఒక్క ధ్వని వినగానే చీటీ అందుకున్నట్టు, మన పిల్లలు ఒక్క అక్షరం వినగానే పాట అందుకోవాలి. ఆ మహనీయుడు నిదురిస్తున్న ఈ నగరంలో తెలుగు పండుగ జరుపుకునే మనం ఆయనకు చెల్లించగల ఋణం ఇదే.