జేమ్స్ వాట్ - కొలతగా మారిన పేరు

విద్యుద్దీపము కొనబోయిన ప్రతివారును దానిపై ముద్రించిన ‘వాట్’ అను మాటను చూచియే యుందురు. అది యొక మనుష్యుని పేరని తలచువారు కొలదిమంది. యంత్రశాలలలో వినవచ్చు అశ్వశక్తి, గవర్నరు, ఇండికేటరు అను మాటలు మూడును ఆ మనుష్యుని కార్యశాలతో ముడిపడినవే.

జేమ్స్ వాట్ 1736 జనవరి 19వ తేదీన స్కాట్లండులోని గ్రీనక్ రేవుపట్టణమున జన్మించెను. తరచు వ్యాధిగ్రస్తుడగుటచే బాల్యమున చదువు చాలవరకు ఇంటియందే సాగెను. యౌవనారంభముననే తల్లి మరణించెను; తండ్రి వ్యాపారము దెబ్బతినెను. 1755లో లండను చేరి, గణితసాధనముల నిర్మాణమును ఒక్క యేడాదిలో అభ్యసించి గ్లాస్గోకు వచ్చెను. ఏడేండ్ల శిష్యరికము లేనివాడు నగరమున దుకాణము తెరువరాదని వృత్తిసంఘమువారు అడ్డుపడిరి. అప్పుడు విశ్వవిద్యాలయమే తన ఆవరణలో చోటిచ్చి అతనిని ఆదుకొనెను.

1763-64 శీతకాలమున ఆ విద్యాలయమువారి న్యూకమెన్ ఆవిరియంత్రపు నమూనా మరమ్మతునకై అతని చేతికి వచ్చెను. వాట్ మరమ్మతుతో తృప్తి నొందక, అది యెంత ఆవిరిని మ్రింగుచున్నదో కొలిచి చూచెను. ప్రతిసారి చల్లబడు సిలిండరును మరల వేడిచేయుటకే ఆవిరిలో అధికభాగము వ్యయమగుచున్నదని తేలెను. 1765లో ఒక ఆదివారము పచ్చికబయలున నడచుచుండగా ఉపాయము స్ఫురించెను. ఆవిరిని వేరొక పాత్రలో చల్లార్చినచో సిలిండరు ఎల్లప్పుడు వేడిగనే యుండును!

ఊహ కలుగుట ఒక్కదినపు పని. అది నడచు యంత్రమగుటకు పదేండ్లకు పైగా పట్టెను. 1769లో పేటెంటు లభించెను గాని, పెట్టుబడి పెట్టిన రోబక్ దివాలా తీసెను. కుటుంబపోషణకై వాట్ కాలువల నిమిత్తము భూములు కొలుచు పనికి దిగెను. 1773లో స్కాట్లండు ఉత్తరపు కొండలలో ఆ పనిమీద నుండగా భార్య మార్గరెట్ ప్రసవవేళ కన్నుమూసెను. కబురంది అతడు ఇల్లు చేరునప్పటికే అంతయు ముగిసిపోయెను.

1774లో బర్మింగ్‌హామ్ చేరి మాథ్యూ బౌల్టన్‌తో కలిసి పనిచేయుటతో దశ తిరిగెను. విల్కిన్‌సన్ సిలిండర్లను మునుపెన్నడు లేనంత సరిగా తొలిచి యిచ్చెను. 1775లో పార్లమెంటు పేటెంటు గడువును 1800 వరకు పొడిగించెను. యంత్రము కొనువారు అది ఎన్ని గుఱ్ఱముల పని చేయునని అడుగుట సహజము. అందుచే వాట్ నిమిషమునకు 33,000 పౌనుల బరువును ఒక అడుగు ఎత్తగల శక్తిని ఒక అశ్వశక్తిగా నిర్ణయించెను. 1788లో గవర్నరును అమర్చెను. యంత్రవేగము పెరిగిన కొలది దానితో తిరుగు రెండు గుండ్లు పైకి లేచి ఆవిరి కవాటమును కొంత మూయును. వేగము తగ్గినచో దిగి తెరచును. యంత్రము తన్ను తాను దిద్దుకొను ఈ యేర్పాటు అంతకుముందే పిండిమరలలో నుండెను. కనుకనే వాట్ దానిపై పేటెంటు కోరలేదు. సిలిండరులోని ఒత్తిడిని తెలుపు ఇండికేటరును కూడ అతడు కల్పింపగా, 1796లో సహాయకుడు జాన్ సదరన్ అది కాగితముపై గీత గీయునట్లు తీర్చెను.

వాట్ దోషరహితుడు కాడు. హార్న్‌బ్లోయర్ వంటి నిర్మాతలపై వ్యాజ్యములు నడపెను. అధికపీడనపు ఆవిరిని తుదివరకు శంకించెను. క్షయవ్యాధి 1794లో కుమార్తెను, 1804లో కుమారుడు గ్రెగరీని హరించెను. వ్యాపారము విడిచిన పిమ్మట ఇంటి అటకపై కార్యశాలలో శిల్పములకు ప్రతులు చెక్కు యంత్రముతో కాలము గడపి, 1819 ఆగస్టు 25న మరణించెను.

1868లో మాక్స్‌వెల్ గవర్నర్ల చలనమును గణితమున నిరూపించి నియంత్రణశాస్త్రమునకు పునాది వేసెను. 1882లో సీమెన్స్ శక్తిమానమునకు వాట్ పేరు ప్రతిపాదించెను. ఒక అశ్వశక్తి సుమారు 746 వాట్లు. 1948లో వీనర్ ఈ విద్యకు సైబర్నెటిక్స్ అని పేరిడెను. ఆ మాటకును గవర్నరు అను మాటకును మూలము ఒక్కటే. చుక్కాని పట్టువాడని గ్రీకు భాషలో దాని యర్థము. రేవుపట్టణమున పుట్టి, యంత్రమునకు చుక్కాని నమర్చిన వానికి అంతకంటె తగిన మాట దొరకదు.