ఎమిల్ ఫాన్ బేరింగ్ చరిత్రము

మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల నల్లరేగడి చేలలో పనిచేయువారి పాదమున ముల్లుగాని మేకుగాని గ్రుచ్చుకొనుట వింతగాదు. మట్టిలోను పశువుల పేడలోను ఉండు సూక్ష్మక్రిములు ఆ గాయమున ప్రవేశించి, విషమును పుట్టించి, దేహమును విల్లువలె వంచును. కావుననే పెద్దలు ఆ వ్యాధిని ధనుర్వాతమనిరి. దానికి విరుగుడు కనుగొనిన వారిలో ప్రముఖుడగు బేరింగు చరిత్రమును మా పాఠకులకు తెలుపనెంచితిమి.

బేరింగు 1854వ సంవత్సరము మార్చి 15వ తేదీని ప్రష్యా రాజ్యములోని హాన్స్‌డార్ఫ్ గ్రామమున జన్మించెను. తండ్రి బడిపంతులు; బిడ్డలు పదుమువ్వురు. కొడుకును విశ్వవిద్యాలయమునకు పంపుటకు ధనము చాలలేదు. అందుచే ఆయన 1874లో బెర్లినులోని సైనిక వైద్యకళాశాలయందు చేరెను. అచ్చట చదువు ఉచితమేగాని, పిమ్మట సైన్యమున కొలువు చేయవలెను. ఆ నియమమునకు లోబడియే ఆయన వైద్యుడయ్యెను.

1889లో రాబర్ట్ కోక్ పండితుని పరిశోధనాలయమున చేరి, జపాను దేశస్థుడగు కిటసాటోతో కలిసి పనిచేసెను. రోగవిషమునకు అలవాటుపడిన జంతువు ఆ రోగమును జయించుననియు, దాని రక్తరసమును వేరొక జంతువునకెక్కించిన అదియు రక్షింపబడుననియు వారు 1890 డిసెంబరులో ప్రకటించిరి. ఆ రసములోని రక్షకపదార్థములనే నేడు ప్రతిరక్షకములందురు. కంఠసర్పిచే ఊపిరాడక పసిపిల్లలు మరణించు ఆ దినములలో ఇది తల్లిదండ్రులకెంతటి ఆశయో ఊహింపవచ్చును.

అయితే మొదటి సీరము బలహీనము. ఒక సీసా పనిచేసిన మరియొకటి పనిచేయకుండెను. దాని బలమును సరిగా కొలుచు పద్ధతిని పాల్ ఎర్లిక్ ఏర్పరచెను. తరువాత ఆ మిత్రులిద్దరి నడుమ స్నేహము చెడుట విచారకరము. 1901లో వైద్యశాస్త్రమున మొదటి నోబెలు బహుమానము బేరింగునకే దక్కెను. కిటసాటోకు అందు పాలు లేకపోయెను.

ఈ నడుమ 1893లో ఫెలిక్స్ క్లెంపెరర్ అను వైద్యుడు కోళ్లకు ధనుర్వాతవిషమును అలవాటుచేసి, వాని గ్రుడ్ల పచ్చసొనలో సైతము రక్షకశక్తి గలదని నిరూపించెను. పుట్టబోవు పిల్ల కొరకు తల్లికోడి దానిని సొనలో దాచును. సీరమునకై గుర్రముల నెత్తురు తీయవలెను. ఇచ్చట గ్రుడ్డు ఏరుకొనిన చాలును. ఒక్క గ్రుడ్డునుండి సుమారు 50 మొదలు 100 మిల్లీగ్రాముల ప్రతిరక్షకములు లభించును. వానిని వేరుచేసి శీతలస్థలమున నుంచిన నెలలతరబడి చెడవు. చాలకాలము మరుగుపడిన ఈ విద్య నేడు రోగనిర్ణయ పరీక్షలలో వినియోగపడుచున్నది; చికిత్సకై పరిశోధనలు సాగుచున్నవి. అంతమాత్రమున గాయపడినవారు పచ్చసొనను నమ్మి ఇంట కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి పోయి వైద్యుడు చెప్పిన టీకా వేయించుకొనవలెను.

మొదటి ప్రపంచయుద్ధమున గాయపడిన సైనికులెందరినో ధనుర్వాతమునుండి కాపాడిన సీరమును లోకమునకిచ్చి, బేరింగు 1917 మార్చి 31వ తేదీని మార్బర్గు నగరమున కీర్తిశేషుడయ్యెను.

విద్యార్థులారా! పేదరికము ఆయన చదువునకు అడ్డుగాలేదు. అయినను ఆ విజయము ఒక్కనిది గాదు. కొలిచినవాడొకడు, తోడుపడినవాడొకడు, కోడిగ్రుడ్డును పరికించినవాడు మరియొకడు. మనకు కీర్తి వచ్చిన దినమున తోడివారి పేళ్లు మరువకుందుము గాక.