ధన్యజీవి ఫ్రెడరిక్ ఓజానాం: చదువులో మొదటివాడు, సేవలో ముందువాడు

పదవ తరగతి, ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాక ఏదో ఒక ఆదివారం దివ్యబలిపూజ ముగిసిన వెంటనే దేవాలయంలో చిన్న సన్మానం జరగడం మన విచారణలకు అలవాటే. మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను పీఠం ముందుకు పిలుస్తారు. విచారణ గురువులు శాలువా కప్పి జ్ఞాపిక చేతికిస్తారు. తల్లి కళ్ళు తుడుచుకుంటుంది, తండ్రి పక్కన నిలబడి ఫోటో దిగుతాడు. సంతోషించవలసిన ఘడియే. అయితే ఆ పిల్లలను ఏ లెక్కన ఎన్నుకున్నారని అడిగితే మార్కుల జాబితా తప్ప మన దగ్గర మరో కాగితం ఉండదు. కొన్ని చోట్ల నాయకత్వానికీ, సేవకూ కూడా బహుమతులు పెడుతున్నారు. మంచిదే. కాని చదువు బహుమతి ఒకరికి, నాయకత్వం ఇంకొకరికి, సేవ మరొకరికి పంచిపెడుతుంటే నాకు ఓజానాం గుర్తుకు వస్తాడు. పునీత విన్సెంట్ డి పాల్ సభ పేరు మనలో చాలామందికి తెలుసు. ఆ సభ మొదటి సమావేశం జరిగిన నాటికి దాని స్థాపకులలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ ఓజానాం ఒక కాలేజీ కుర్రవాడనీ, సరిగ్గా ఆ రోజుతోనే అతనికి ఇరవై ఏళ్ళు నిండాయనీ తెలిసినవారు మాత్రం తక్కువ.

ఓజానాం కుటుంబం ఫ్రాన్సులోని లియోన్ నగరానికి చెందినది. తండ్రి నెపోలియన్ సైన్యంలో పనిచేసి, తర్వాత ఇటలీలోని మిలాన్ చేరి వైద్యుడయ్యాడు. అక్కడే 1813 ఏప్రిల్ 23న ఫ్రెడరిక్ పుట్టాడు. 1816లో వారంతా లియోన్‌కు తిరిగి వచ్చేశారు. తల్లి మరియమ్మ 14 మంది బిడ్డలను కన్నది గాని, ఆమెకు చివరకు మిగిలినది ముగ్గురు కొడుకులే. పెద్దవాడు గురువయ్యాడు, చిన్నవాడు తండ్రిలాగే వైద్యుడయ్యాడు. ఆ ఇంట్లో బీదల మాట రాని రోజు లేదు. తండ్రి బీద రోగుల దగ్గర రుసుము పుచ్చుకునేవాడు కాదు. తల్లి కూడా రోగులను చూడటానికి వెళ్ళేది. లియోన్‌లో బీదలు ఎత్తైన మేడల పై అంతస్తుల్లో, ఇరుకు గదుల్లో ఉండేవారు. వయసు మీదపడ్డాక ఇక నాలుగో అంతస్తు దాటి ఎక్కవద్దని భార్యాభర్తలు ఒకరికొకరు మాట ఇచ్చుకున్నారట. ఒకరికి తెలియకుండా మరొకరు వెళ్ళి, ఒకనాడు అలాంటి గదిలోనే ఇద్దరూ ఎదురుపడ్డారని చెబుతారు. 1837లో ఆ తండ్రి ఒక బీద రోగిని చూడబోయి మెట్ల మీద నుండి పడి మరణించాడు.

లియోన్ రాయల్ కాలేజీలో ఫ్రెడరిక్ చురుకైన విద్యార్థి. లాటిన్ భాషలో పద్యాలల్లడంలో దిట్ట. ఆ రోజుల్లో ఫ్రెంచి విద్యాలయాలలో సంవత్సరాంతాన పెద్ద సభ జరిపి, గెలిచిన పిల్లల తల మీద ఆకుల కిరీటం పెట్టి పుస్తకాలు బహూకరించేవారు. ఇలాంటి పిల్లవాడికి ఏ లోటూ ఉండదని మనం అనుకుంటాం. కాని పదిహేను, పదహారేళ్ళ వయసులో అతనిని లోలోపల ఒక బాధ పట్టుకుంది. తోటివారి అవిశ్వాసపు మాటలు, చదివిన పుస్తకాలు కలిసి, దేవుని విషయం అంతా నిజమేనా అనే సందేహం రాత్రులు నిద్ర పట్టనివ్వలేదు. అతడు విశ్వాసాన్ని విడిచిపెట్టలేదు, అలాగని నెమ్మదీ లేదు. తనకు వెలుగు చూపిస్తే జీవితమంతా సత్యం కోసమే పనిచేస్తానని దేవునికి మాట ఇచ్చుకున్నాడు. ఆ వెలుగు తత్వశాస్త్రం చెప్పే నువారో గురువుల రూపంలో వచ్చింది. ఆయన ఈ పిల్లవాడిని మందలించలేదు, ప్రశ్నలు అడగవద్దని నోరు మూయించలేదు. పాఠాలయ్యాక తన వెంట నడకకు తీసుకువెళ్ళేవారు. ఊరి వెలుపలి దారుల్లో గురుశిష్యులు నడుస్తూ మాట్లాడుకునేవారు. కొంతకాలానికి సందేహం తీరింది. బహుమతులు గెలిచే పిల్లల మనసులో ఏమున్నదో అడిగేవారు ఇంట్లో గాని బడిలో గాని ఒక్కరైనా ఉండటం ఎంత అవసరమో తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు.

కొడుకు న్యాయవాది కావాలని తండ్రి కోరిక. కొడుకు మనసేమో సాహిత్యం మీద, చరిత్ర మీద. మన ఇళ్ళలో ఇంజనీరింగు, మెడిసిన్ గురించి జరిగే వాదం లాంటిదే ఇది! ఫ్రెడరిక్ తండ్రి మాట కాదనలేదు. లియోన్‌లో ఒక న్యాయవాది కార్యాలయంలో గుమాస్తాగా కూర్చుని, మిగిలిన వేళల్లో భాషలు నేర్చుకున్నాడు. 1831లో, 18 ఏళ్ళ వయసులో, సాన్ సిమోన్ అనుచరులు క్రైస్తవానికి కాలం చెల్లిందని ప్రచారం చేస్తుంటే దానికి జవాబుగా ఒక చిన్న పుస్తకం రాసి అచ్చువేయించాడు. కవి లామార్తీన్ అంతటివాడు మెచ్చుకున్నాడు.

అదే ఏడాది చివర న్యాయశాస్త్రం చదవటానికి పారిస్ చేరాడు. పల్లె నుండి పట్నం హాస్టల్‌కు వెళ్ళిన మన పిల్లల్లాగే మొదట ఒంటరితనంతో కుమిలిపోయాడు. ఆ సమయంలో అతనికి తన ఇంట్లో చోటిచ్చిన పెద్దమనిషి ఎవరనుకున్నారు? సైన్సు పుస్తకంలో కరెంటును కొలిచే ఆంపియర్ అనే మాట ఏ శాస్త్రవేత్త పేరు మీద వచ్చిందో, ఆ ఆండ్రీ మారీ ఆంపియర్ గారే. లోకమంతా గౌరవించే ఆ మేధావి దేవాలయంలో ఒక మూల మోకరించి జపమాల చెప్పుకుంటుండగా ఫ్రెడరిక్ చూశాడనీ, ఆ దృశ్యం అతనికి వంద ప్రసంగాల పెట్టయిందనీ చెబుతారు. 1832 కొత్త సంవత్సరం నాడు సుప్రసిద్ధ రచయిత షతోబ్రియాఁ గారి దర్శనానికి వెళ్తే, నాటకశాలలకు వెళ్తావా అని ఆయన అడిగాడు. ఆ పెద్దాయన ఏమనుకుంటాడోనని కుర్రవాడు ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత, వెళ్ళనని అమ్మకు మాట ఇచ్చానని నిజం చెప్పేశాడు. ఆ మాట నిలబెట్టుకోమని షతోబ్రియాఁ ఆప్యాయంగా చెప్పాడు.

నాయకత్వం అంటే ఏమిటో అతని కాలేజీ రోజులు చూపిస్తాయి. విశ్వవిద్యాలయంలో జూఫ్రువా అనే పేరుమోసిన ఆచార్యుడు దైవప్రకటనను ఆక్షేపిస్తూ పాఠాలు చెబుతుంటే, ఫ్రెడరిక్ అల్లరి చేయలేదు, తరగతిని బహిష్కరించమనలేదు. కాగితం మీద జవాబు రాసి పంపాడు. అది పట్టించుకోకపోయేసరికి మిత్రుల సంతకాలు కూడగట్టి మరొకటి పంపాడు. ఆచార్యుడు చివరకు దానిని తరగతిలో చదివి, ఇకపై వారి విశ్వాసాన్ని గౌరవిస్తానని ఒప్పుకోవలసి వచ్చింది.

ఆ మిత్రులందరూ బాయి గారనే పత్రికా సంపాదకుని ప్రోత్సాహంతో వారం వారం కూడి చరిత్ర మీద చర్చలు జరుపుకునేవారు. అక్కడికి నాస్తికులూ వచ్చేవారు. క్రైస్తవం గొప్పతనం మీద ఫ్రెడరిక్ బాగా వాదించేవాడు. అలాంటి ఒక చర్చలో ఎదుటి పక్షం విద్యార్థి ఒకడు అడిగిన ప్రశ్న అతనిని నిలువునా ఆపేసింది. పూర్వం మీ శ్రీసభ ఎన్నో మంచి పనులు చేసింది, సరే, ఇప్పుడు మీరు ఏం చేస్తున్నారు అన్నది దాని సారాంశం. 1832లో కలరా పారిస్‌ను ఊడ్చిపెట్టి ఏడాది కూడా కాలేదు. పేదవాడలు ఎలా ఉన్నాయో అందరికీ తెలుసు. అన్ని బహుమతులు గెలిచిన ఆ కుర్రవాడి దగ్గర ఆ ప్రశ్నకు జవాబు లేదు. ఇక వాదనలు చాలు, పనికి పూనుకోవాలని మిత్రులతో అన్నాడు. ఆ సాయంత్రమే అతడూ, మిత్రుడు ల తయాందియే కలిసి తమ గదిలో మిగిలిన చలిమంట కట్టెలు మోసుకుపోయి ఒక బీద కుటుంబానికి ఇచ్చారని చెబుతారు.

1833 ఏప్రిల్ 23న బాయి గారి పత్రికా కార్యాలయంలో ఏడుగురు కూర్చున్నారు. బాయి గారు తప్ప మిగతావారంతా విద్యార్థులే. చేతిలో డబ్బు లేదు, అనుభవం అంతకంటే లేదు. అందుకని బీదలను ఎరిగిన మనిషి దగ్గరకు వెళ్ళారు. ఆమె మూఫెతార్ వీధి ప్రాంతంలో సేవ చేస్తున్న మఠకన్య రోసలీ రెందు గారు. (ఆమెను 2003లో శ్రీసభ ధన్యురాలిగా ప్రకటించింది.) ఏ ఇంటికి వెళ్ళాలో చెప్పి, రొట్టెకూ బొగ్గుకూ చీటీలిచ్చి, బీదల ముందు ఎలా మెలగాలో ఆమే నేర్పింది. వారు పెట్టుకున్న నియమం చిన్నది. డబ్బు పంపి ఊరుకోకూడదు. ప్రతి వారం తామే స్వయంగా ఇంటికి వెళ్ళాలి, కూర్చోవాలి, వారి కష్టం వినాలి. సమావేశం చివర తమలో తామే టోపీ తిప్పి చందా వేసుకునేవారు.

ఫ్రెడరిక్‌కు అప్పగించిన మొదటి ఇంట్లో ఒక తల్లి, ఐదుగురు పిల్లలు. భర్త తాగివచ్చి ఆమెను కొట్టి, సంపాదించినదంతా లాక్కునేవాడు. రొట్టె చీటీతో తీరే బాధ కాదది. న్యాయశాస్త్ర విద్యార్థి కాబట్టి ఫ్రెడరిక్ కాగితాలు వెదికించాడు. అసలు వారికి చట్టప్రకారం పెళ్ళే కాలేదని తేలింది. ఆమె ఆ మనిషి చేతి నుండి బయటపడింది. మిత్రులు చందాలెత్తి ఆమెను చిన్నబిడ్డలతో స్వస్థలానికి పంపించి, పెద్దపిల్లలకు పని నేర్చుకునే ఏర్పాటు చేశారు. తండ్రి బలవంతం మీద చదివిన లా ఎక్కడ ఉపయోగపడిందో చూడండి.

ఏడాదిన్నర తిరిగేసరికి సభ్యులు నూరు దాటారు. ఒకే గదిలో ఇమడరు కాబట్టి వేర్వేరు విచారణలకు విడిపోదామని ఫ్రెడరిక్ ప్రతిపాదిస్తే మొదటి మిత్రులే కొందరు కన్నీళ్ళతో అడ్డుపడ్డారు. స్నేహం చెదిరిపోతుందని వారి భయం. అతడు నెమ్మదిగానే పట్టు విడవలేదు. 1835లో శాఖలు ఏర్పడ్డాయి, 1836లో రోముకు, 1845లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు సభ చేరింది. నాకు అన్నిటికంటే నచ్చే విషయం ఇంకొకటి ఉంది. ఇంత చేసినవాడు ఏనాడూ ఆ సభకు అధ్యక్షుడు కాలేదు. మొదటి అధ్యక్షులు బాయి గారే. మన సంఘాల ఎన్నికలు చూసినవారికి ఇది వింతగా తోస్తుంది!

చదువును మాత్రం ఎక్కడా వదల్లేదు. 1836లో న్యాయశాస్త్రంలో, 1839లో మహాకవి దాంతే మీద పరిశోధనతో సాహిత్యంలో డాక్టరేట్లు సాధించాడు. 1840లో పారిస్‌లో జరిగిన కఠినమైన పోటీ పరీక్షలో మొదటి స్థానం అతనిదే. సోర్బోన్‌లో బోధన మొదలుపెట్టి 1844లో ఆచార్యుడయ్యాడు. గురువు కావాలా, గృహస్థు కావాలా అని చాలాకాలం ఊగిసలాడి, చివరకు 1841 జూన్ 23న అమేలీని వివాహమాడాడు. ఆ తేదీని మరచిపోకుండా ప్రతి నెలా 23న భార్యకు పూలగుత్తి ఇచ్చేవాడు. 1845లో కుమార్తె మరియ పుట్టింది.

ఒక కొత్త సంవత్సరం నాడు, తాను చూసే ఒక కుటుంబం తమ సొరుగుల బల్లను తాకట్టు పెట్టిందని గుర్తొచ్చి దానిని విడిపించాలనుకున్నాడు. ఇప్పుడు తొందరేముందని భార్య వారించింది, మానేశాడు. సాయంత్రం కూతురి చుట్టూ బొమ్మలు, మిఠాయిలు పరచి ఉంటే ఆయన మొహం వాడిపోయి ఉంది. అమేలీ సంగతి గ్రహించి వెళ్ళమన్నది. ఆ రాత్రే బల్లను విడిపించి ఆ ఇంటికి చేర్చి సంతోషంగా తిరిగి వచ్చాడు.

1848 జూన్‌లో పారిస్ వీధుల్లో కార్మికుల తిరుగుబాటు రక్తపాతంగా మారింది. ఆఫ్ర్ అగ్రపీఠాధిపతులు మధ్యవర్తిగా వెళ్తే ఇరుపక్షాలు శాంతిస్తాయని ఓజానాం, ఇద్దరు మిత్రులు వెళ్ళి ఆయనను వేడుకున్నారు. ఆయన వెళ్ళారు. జూన్ 25న తుపాకి గుండు తగిలి 27న మరణించారు. మంచి ఉద్దేశంతో ఇచ్చిన ఆ సలహా ఓజానాం గుండెలో ముల్లులా మిగిలిపోయింది. మరుసటి ఏడాది మళ్ళీ కలరా వచ్చినప్పుడు ఆయన సభ్యులు రోగుల మధ్యకే వెళ్ళారు.

అప్పటికే ఆయన ఆరోగ్యం పాడవుతోంది. 1852లో జ్వరంతో మంచాన ఉండగా, ఆచార్యుడు తరగతికి రాలేదని విద్యార్థులు గొడవ చేస్తున్నారని తెలిసింది. భార్య, తమ్ముడు వద్దన్నా లేచి వెళ్ళి, పాలిపోయిన మొహంతో పాఠం చెప్పాడు. అల్లరి చేసినవారే సిగ్గుపడి చప్పట్లు కొట్టారు. సోర్బోన్‌లో అదే ఆయన ఆఖరి పాఠం. గాలి మార్పు కోసం ఇటలీ వెళ్ళాడు. 1853 ఏప్రిల్ 23న పీసా నగరంలో నలభై ఏళ్ళు నిండిన నాడు, భార్యనూ పసిబిడ్డనూ విడిచిపోవలసి వస్తుందని తెలిసి, తన ప్రాణాన్ని దేవుని చిత్తానికి అప్పగిస్తూ ప్రార్థన రాసుకున్నాడు. స్వదేశంలో కన్నుమూయాలని తిరుగు ప్రయాణమై మార్సెయ్ రేవు వరకే రాగలిగాడు. అక్కడే సెప్టెంబరు 8న, మరియమాత జన్మదిన పండుగ నాడు మరణించాడు.

జగద్గురువులు రెండవ జాన్ పాల్ పోపుగారు 1997 ఆగస్టు 22న ఆయనను ధన్యునిగా ప్రకటించారు. ప్రపంచ యువజన దినోత్సవాలకు అన్ని దేశాల నుండి యువతీయువకులు పారిస్‌కు వచ్చి ఉన్న రోజులవి. ఆ వేడుక నోటర్ డామ్ ప్రధాన దేవాలయంలో జరిగింది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఓజానాం, తనవంటి చదువుకునే యువకులకు అర్థమయ్యే తపస్కాల ప్రసంగాలు అదే దేవాలయంలో పెట్టించమని అగ్రపీఠాధిపతుల చుట్టూ తిరిగి, 1835లో లాకోర్దేర్ గురువుల చేత చెప్పించుకున్నాడు. ఆయన సమాధి పారిస్ కతోలిక విశ్వవిద్యాలయం ఆవరణలోని కార్మెలు దేవాలయం కింది నేలమాళిగలో ఉంది. పుస్తకాలు చేతబట్టుకున్న విద్యార్థులు రోజూ ఆ పక్క నుండే తరగతులకు వెళ్తుంటారు.